బ్యాంకు వేలంలో వ్యవసాయ భూమి: నోటీసులో ఏ మాట దగ్గర ఆగాలి, పాట పాడేముందు ఏం చూడాలి

చెలక_దారి

నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వరంగ బ్యాంకు వేసిన ఈ-వేలం నోటీసు సారాంశం పెడుతున్నా. సర్ఫేసీ చట్టం 2002 (కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని బ్యాంకే అమ్ముకునే చట్టం) కింద అమ్మకం. ఆస్తి: వ్యవసాయ భూమి, ఎ.3-20, ఒక సర్వే నంబరులో భాగం. హద్దులు: తూర్పు రుణగ్రహీత మిగులు భూమి, పడమర ఇతరుల పట్టా, ఉత్తరం వాగు, దక్షిణం ఇతరుల పట్టా. రిజర్వు ధర 62 లక్షలు, ధరావతు 6 లక్షల 20 వేలు. స్వాధీనం సింబాలిక్. "ఉన్నది ఉన్నట్టుగా" అన్న షరతు. అప్పు రైస్ మిల్లు కోసం తీసుకున్నది. చుట్టుపక్కల అమ్మకపు ప్రకటనల్లో ఎకరానికి 24 నుంచి 28 లక్షలు అడుగుతున్నారు. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

గట్టు_రాయి

ముందు విస్తీర్ణం. తెలంగాణ నోటీసులో ఎ.3-20 అంటే 3 ఎకరాల 20 గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. అదే ఆంధ్ర నోటీసులో 3-20 అంటే 3 ఎకరాల 20 సెంట్లు. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. గుంట 121 చదరపు గజాలు, సెంటు 48.4. రెండు రాష్ట్రాల నోటీసులూ ఒకే వెబ్‌సైటులో పక్కపక్కన కనిపిస్తాయి కాబట్టి ఈ తేడా లెక్కను తారుమారు చేస్తుంది. మీ నోటీసులో ఎకరం రిజర్వు ధర 17 లక్షల 71 వేలు. సెంట్లు అనుకుని లెక్కేస్తే 19 లక్షల 37 వేలు వస్తుంది.

ఇక ప్రకటనల్లో 24, 28 అన్నది అడిగే ధర. బేరం తెగిన ధర కాదు. పైగా ఆ ప్రకటనల్లో ఎక్కువ భాగం రోడ్డు బిట్లు. ఊరి లోపల చెలకకు ఆ రేటు కట్టకూడదు. పక్క సర్వే నంబర్లకు ఈసీ (రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీస్తే ఇటీవలి అమ్మకాలు, దస్తావేజులో రాసిన ధర కనిపిస్తాయి. చాలామంది ప్రభుత్వ విలువకే రాయించుకుంటారు, అందుకని ఆ అంకె కింది అంచు మాత్రమే చెబుతుంది. అసలు ధర కావాలంటే గత ఏడాది ఆ ఊళ్లో కొన్నవాళ్లనే అడగాలి.

దస్తావేజు

ధర కంటే ముందు అడగాల్సింది, ఈ వేలం ఏ చట్టం కింద జరుగుతోంది అని. మీ నోటీసులో రెండు మాటలు పొసగడం లేదు. సర్ఫేసీ చట్టం 31వ సెక్షన్ (ఐ) క్లాజు ప్రకారం వ్యవసాయ భూమి మీద ఉన్న తనఖాకు ఆ చట్టం వర్తించదు. నోటీసులో బ్యాంకే "వ్యవసాయ భూమి" అని రాసింది. రుణగ్రహీత డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్‌కు, వెళ్తే మొట్టమొదట ఎత్తే పాయింటు ఇదే. నా మటుకు నేను ఇలాంటి నోటీసుకు ధరావతు కట్టమని ఎవరికీ చెప్పను.

బ్యాంకు_రిటైర్డ్

దస్తావేజు గారు చెప్పిన సెక్షన్ సరైనదే, కానీ అక్కడితో తేలిపోదు. 2018లో పప్పిరెడ్డియార్ కేసులో సుప్రీంకోర్టు, భూమి వ్యవసాయానిదా కాదా అన్నది ఆ కేసు వాస్తవాలను బట్టి తేల్చాలని, రెవెన్యూ రికార్డులో రాసి ఉన్నంత మాత్రాన చాలదని చెప్పింది. 2023 జనవరిలో మన తెలంగాణ నుంచే వెళ్లిన కె.శ్రీధర్ కేసులో, తనఖా పెట్టే నాటికి అది సాగుభూమేనని నిరూపించే బాధ్యత రుణగ్రహీత మీదే పెట్టింది. మిల్లుకు ఆనుకుని వడ్లు ఆరబోసే కళ్లంగా, లారీలు నిలిపే జాగాగా వాడుతున్న నేల ఒకటి. ఏటా పత్తి, కంది వేస్తున్న చెలక వేరొకటి. మీరు చూస్తున్నది ఏదో పొలం దగ్గరకు వెళితే తెలుస్తుంది.

బ్యాంకు అధీకృత అధికారిని లిఖితపూర్వకంగా నాలుగు అడగండి: తనఖా ఏ తేదీన జరిగింది, అప్పటికి నాలా మార్పిడి (వ్యవసాయేతర వాడకానికి అనుమతి) ఉందా, 13(2) నోటీసు (బాకీ కట్టమనే మొదటి నోటీసు) ఎప్పుడిచ్చారు, డీఆర్‌టీలో కేసు పెండింగులో ఉందా. ఫోనులో చెప్పే జవాబు లెక్కలోకి రాదు.

డబ్బు వరస ఇలా నడుస్తుంది. పాట 64 లక్షలకు మీ పేరున నిలిచిందనుకోండి. 25 శాతం అంటే 16 లక్షలు. ధరావతు 6.20 పోను మిగిలిన 9.80 లక్షలు ఆ రోజే, లేదంటే మరుసటి పనిదినానికి కట్టాలి. మిగతా 48 లక్షలకు అమ్మకం ఖరారైన నాటి నుంచి 15 రోజులు. ఇరుపక్షాలు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెంచవచ్చు, మొత్తం మూడు నెలలు దాటకూడదు. కట్టలేకపోతే అప్పటికి కట్టిందంతా జప్తు. బ్యాంకుకు నష్టం రాలేదు కదా, తిరిగి ఇప్పించండి అని వాదించినా లాభం లేదు. ఈ జప్తు నియమం చెల్లుతుందని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వేలంలో కొన్న వ్యవసాయ భూమికి అప్పిచ్చే బ్యాంకు 15 రోజుల్లో దొరకదు. 48 లక్షలు చేతిలో ఉంటేనే పాటకు దిగండి.

దీని మీద స్టాంపు, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం వేసుకోండి, 4 లక్షల 80 వేలు. అన్నీ కలిపి 68.80 లక్షలు. ఎకరం 19 లక్షల 66 వేలకు పడుతుంది. ప్రకటనల్లో ధరతో పోల్చాల్సింది ఈ అంకెను.

చెలక_దారి

నాలా మార్పిడి లేదు. పహాణీల్లో (పంట, సాగుదారు వివరాలు రాసే రెవెన్యూ రికార్డు) పత్తి చూపిస్తోంది. సింబాలిక్ స్వాధీనం అంటే పొలం ఇంకా వాళ్ల చేతిలోనే ఉన్నట్టా? ఇదే భూమి వేరే దారిలో వేలానికి వస్తే నియమాలు మారతాయా?

కోర్టు_గుమాస్తా

అవును, సింబాలిక్ అంటే బ్యాంకు నోటీసు అంటించింది, కాగితంలో వేసింది, అంతే. దున్నుతున్నవాడు దున్నుతూనే ఉంటాడు. భౌతిక స్వాధీనం కావాలంటే బ్యాంకు 14వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ మాటివ్వలేరు. డబ్బంతా కట్టించుకుని సేల్ సర్టిఫికెట్ చేతికిచ్చి, స్వాధీనం మీరే చూసుకోండి అనే షరతు టెండరు పత్రంలో ఉందేమో చూడండి. ఆ షరతు ఉంటే ధరలో కోత వేసుకోవాలి, లేదా వదిలేయాలి.

మీరు చెప్పినదాన్ని బట్టి సాగులో ఉన్న చెలక అయితే, ఇది సర్ఫేసీ కింద కంటే డీఆర్‌టీ రికవరీ అధికారి ద్వారానో సివిల్ కోర్టు ద్వారానో అమ్మకానికి రావడమే పద్ధతి. అక్కడ వ్యవసాయ భూమికి ఆ మినహాయింపు అడ్డురాదు. డీఆర్‌టీకి వెళ్లాలంటే బకాయి 20 లక్షలకు తగ్గకూడదు.

నియమాలు మారతాయి. రెండుచోట్లా 25 శాతం వెంటనే, మిగతాది 15 రోజుల్లో కట్టాలి. కానీ పాట మీ పేరున కొట్టేసినంత మాత్రాన భూమి మీది కాదు. సివిల్ కోర్టు అమ్మకంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 89 ప్రకారం 60 రోజుల్లోగా రుణగ్రహీత బాకీతో పాటు, కొన్నవాడికి 5 శాతం అదనంగా కోర్టులో జమ చేస్తే అమ్మకం రద్దవుతుంది. రికవరీ అధికారి అమ్మకంలో ఇదే పని 30 రోజుల్లో చేయాలి. ఆ గడువు దాటి, అభ్యంతరాలు తేలి, అమ్మకం ఖరారు ఉత్తర్వు వచ్చాకే సర్టిఫికెట్. సర్ఫేసీలో అలా కాదు. 2016 సవరణ తర్వాత, 2023 సెప్టెంబరు సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, వేలం నోటీసు ప్రచురించడంతోనే రుణగ్రహీత విడిపించుకునే హక్కు ముగుస్తుంది.

కోర్టు అమ్మకంలో కొంటే ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. స్వాధీనం ఇప్పించమని రూల్ 95 కింద దరఖాస్తు, అమ్మకం ఖరారైన ఏడాదిలోపు వేయాలి. గడువు పోతే సర్టిఫికెట్ ఉన్నా స్వాధీనం దొరకడం కష్టమవుతుంది.

టేపు_గొలుసు

అందరూ చట్టం చూశారు, హద్దులు చూడలేదు. నాలుగు వైపులా మళ్లీ చదవండి. తూర్పు రుణగ్రహీత మిగులు భూమి, ఉత్తరం వాగు, మిగతా రెండు వైపులా ఇతరుల పట్టా. బాట ఎక్కడా లేదు. అంటే ఇన్నాళ్లూ ఆ మూడున్నర ఎకరాలకు దారి తూర్పున ఉన్న సొంత పొలం గుండానే నడిచి ఉండాలి. ముందు బిట్టు అతని దగ్గరే ఉంది, వెనక బిట్టు వేలానికి వచ్చింది. రేపు అతను గట్టు మీద ముళ్లకంచె వేస్తే ట్రాక్టరు కాదు, ఎద్దుల బండి కూడా పోదు. ఒకే కమతాన్ని రెండుగా చీల్చి అమ్మినప్పుడు దారి హక్కు పుడుతుందని 1882 ఈజ్‌మెంట్ల చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. ఆ హక్కును కోర్టులో గెలిచి తెచ్చుకునేలోపు ఎన్ని పంటలు పోతాయో ఆలోచించండి. వరికోత యంత్రం పోయేంత వెడల్పు, కనీసం 12 అడుగులు, రాతపూర్వకంగా దొరికితేనే ఈ చెక్కకు విలువ.

రెండోది, "సర్వే నంబరులో భాగం". ఆ భాగానికి సబ్‌డివిజన్ అయ్యిందా? టిప్పన్ (సర్వే నంబరు కొలతల స్కెచ్), గ్రామ నక్షా తీయించండి. సబ్‌డివిజన్ కాకపోతే మూడున్నర ఎకరాలు ఏ మూల నుంచి ఏ మూలకో కాగితం చెప్పదు. తనఖా దస్తావేజులో స్కెచ్ జతచేసి ఉంటే బ్యాంకు నుంచి నకలు అడగండి. బ్యాంకు ప్యానెల్ వాల్యుయర్ రిపోర్టులో ఫొటోలు, అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి, వాటిని ఫోనులో పెట్టుకుని పొలంలో నిలబడి సరిపోల్చండి. వాల్యుయర్ రోడ్డు పక్కనున్న ముందు బిట్టు ఫొటో తీసి, వెనక బిట్టుకు ధర కట్టిన సందర్భాలు ఉంటాయి.

మూడోది కొలత. పాటదారుడి హోదాలో మీరు ప్రభుత్వ సర్వేకు దరఖాస్తు చేయలేరు, పట్టాదారే చేయాలి. లైసెన్సు ఉన్న ప్రైవేటు సర్వేయర్‌ను తీసుకెళ్లి కొలిపించండి. పక్క సర్వే నంబర్ల హద్దురాళ్ల నుంచి కొలుచుకు రావాలి, ఈ చెక్క గట్ల నుంచి మొదలుపెడితే తప్పు అలాగే ఉండిపోతుంది. ఉత్తరాన వాగు ఉంది కాబట్టి కోత ఎంతో ప్రత్యేకంగా చూడండి. వాగు ఒడ్డున రికార్డులో మూడున్నర ఎకరాలున్నా నేల మీద 3 ఎకరాల 5 గుంటలే మిగిలిన చెక్కలు మామూలే. దస్తావేజులో హద్దులకూ విస్తీర్ణానికీ పొంతన లేకపోతే సాధారణంగా హద్దులదే పైచేయి. తగ్గిన గుంటలకు బ్యాంకు డబ్బు వెనక్కివ్వదు. "ఉన్నది ఉన్నట్టుగా" అన్న షరతు అందుకే పెట్టారు.

గోదారి_చెక్క

ఆంధ్ర వైపు నోటీసులు చూసేవాళ్ల కోసం. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. తనఖా దస్తావేజు పాత నంబరుతో ఉంటుంది, 1బీ (హక్కుల రికార్డు) కొత్త నంబరుతో ఉంటుంది, నోటీసులో పాతదే వేస్తారు. రెండింటినీ కలిపే జాబితా గ్రామ సచివాలయంలో సర్వేయర్ దగ్గర చూడాలి. కొత్త ఎల్‌పీఎంలో విస్తీర్ణం తగ్గితే, రిజిస్ట్రేషన్ ఆ తగ్గిన అంకెకే అవుతుంది.

22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా, రెండు రాష్ట్రాల్లోనూ చూడాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ(1)లో ఎ నుంచి ఇ వరకు క్లాజులున్నాయి. అసైన్డ్ భూములు ఎ, ప్రభుత్వ భూములు బి, దేవాదాయ, వక్ఫ్ భూములు సి, సీలింగ్ మిగులు డి. మీ సర్వే నంబరు ఏ క్లాజులో పడిందో చూస్తే బయటకు తీయడం ఎంత కష్టమో తెలుస్తుంది. సర్వే నంబరులో అరెకరం ప్రభుత్వానిదైతే మొత్తం నంబరును జాబితాలో పెట్టినవి చాలా ఉన్నాయి. బ్యాంకుకు తనఖా పెట్టిన అసైన్డ్ భూమికి 1977 అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం 6వ సెక్షన్‌లో మినహాయింపు ఉన్న మాట నిజమే. అయినా జాబితాలో ఉన్నంతకాలం సబ్‌రిజిస్ట్రార్ చేయి వేయడు. ముందు జాబితా నుంచి తీయించాలి, ఆ బాధ్యత బ్యాంకుదా కొన్నవాడిదా అన్నది టెండరు పత్రంలో తేలాలి.

ఏజెన్సీ మండలాల సంగతి ఒక్క ముక్కలో చెబుతా. అక్కడ గిరిజనేతరులకు భూబదిలీని ఆపే 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులు వేలంలో కొన్నా చెల్లదు.

దస్తావేజు

నా మొదటి మాటకు బ్యాంకు_రిటైర్డ్ గారి సవరణ ఒప్పుకుంటూనే, సాగులో ఉన్న చెలక, నాలా లేదు అంటున్నారు కాబట్టి ఈ నోటీసు మీద నా అభిప్రాయం మారలేదు. హక్కు పత్రాల సంగతి చెబుతా, ఎందుకంటే ఇదే భూమి డీఆర్‌టీ నుంచి వచ్చినా ఇవే చూడాలి.

ఈసీ 30 ఏళ్లకు తక్కువ కాకుండా తీయండి. తెలంగాణలో అయితే 1954-55 ఖాస్రా పహాణీ నుంచి ఇప్పటిదాకా పహాణీల వరస చూడాలి. అందులో రక్షిత కౌలుదారు పేరుంటే, 38-ఇ సర్టిఫికెట్ (ఆ కౌలుదారుకు యాజమాన్యం ఇచ్చే పత్రం) ఉంటే, ఇనాం భూమి అయి ఓఆర్‌సీ (ఆక్యుపెన్సీ హక్కు పత్రం) లేకపోతే, బ్యాంకు తనఖా కింద ఉన్న హక్కే బలహీనం. ఈసీలో కోర్టు దావాలు సాధారణంగా కనిపించవు. ఈ-కోర్ట్స్ సైటులో రుణగ్రహీత పేరు, తండ్రి పేరు, పేరులో అక్షరాలు మార్చి రాసే రకాలు అన్నీ వేసి వెతకండి.

మన దగ్గర వేలం భూములను ఎక్కువగా ఇరికించేది ఆడపడుచుల భాగం. పిత్రార్జితమైతే, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు మన రాష్ట్ర సవరణ హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ కూతుళ్లందరికీ ఇచ్చింది. అన్నదమ్ములే పంచుకుని, అందులో ఒకరు తనఖా పెట్టిన భూమి అయితే, అక్కచెల్లెళ్లు పంపకాల దావా వేస్తే మీరు కొన్నది తనఖా పెట్టినతని భాగం వరకే నిలుస్తుంది. వంశవృక్షం రాయించి, ఆడపిల్లలు సంతకం చేసిన పంపకపత్రం ఉందో లేదో చూడండి. సొంతార్జితం అయితే ఈ భయం లేదు.

అట్లాంటా_పాలేరు

అమెరికాలో ఉంటున్న మావాళ్లు ఇలాంటి వేలాల్లో కొనవచ్చా? గ్రీన్‌కార్డు, ఇంకా భారత పాస్‌పోర్టే.

బ్యాంకు_రిటైర్డ్

కొనకూడదు అండీ. ఎన్ఆర్ఐలు, ఓసీఐ కార్డుదారులు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌసులు కొనడానికి ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. వేలమైనా, నేరుగా అయినా అంతే. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇక్కడున్న అమ్మానాన్నలు సొంత డబ్బుతో తమ కోసం కొనుక్కుంటే అది వేరు. బయటి నుంచి డబ్బు పంపి, వాళ్ల పేరు మీద పెట్టి, అసలు యజమాని నేనే అనుకుంటే బినామీ చట్టం కిందకు వస్తుంది.

టీడీఎస్ (కొనేవాడు ధరలోంచి కోసి కట్టే పన్ను) గురించి కూడా చాలామంది అడుగుతారు. 50 లక్షలు, ఆపైన ఆస్తికి 1 శాతం కోత ఉంది కానీ గ్రామీణ వ్యవసాయ భూమికి లేదు. గ్రామీణం అంటే మున్సిపాలిటీ హద్దు నుంచి నేరుగా కొలిస్తే, ఆ పట్టణ జనాభా 10 వేలు దాటి లక్ష వరకు ఉంటే 2 కిలోమీటర్లు, పది లక్షల వరకు 6, ఆపైన 8 కిలోమీటర్ల అవతల ఉండాలి.

కాలువ_చివర

నీళ్లు, కరెంటు గురించి ఎవరూ ఎత్తలేదు. ప్రకటనలో "బోరు ఉంది" అంటే చాలదు. ఏప్రిల్, మే నెలల్లో ఎంతసేపు పోస్తుందో పక్క పొలం రైతును అడగాలి. బోరు ఏ బిట్టులో ఉంది? ఇలా చీల్చిన భూముల్లో బోరు ముందు బిట్టులో ఉండి, వెనక బిట్టుకు పైపు వేసుకుంటారు. కొన్నాక ఆ పైపు మూసుకుపోతుంది. కొత్త బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి కావాలి, పక్క బోర్లకు ఉండాల్సిన దూరం కుదరకపోతే రాదు. సర్వీసు నంబరు ఎవరి పేరున ఉందో, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని మోటార్లున్నాయో రాసుకోండి. ఆయకట్టు భూమైతే కాలువ మొదట్లోనా చివరనా అన్నదే ధరను నిర్ణయిస్తుంది.

మరొకటి మొహమాటం లేకుండా చెప్పాలి. ఊరివాళ్లు ఎవరూ పాటకు రాని భూమికి కారణం ఉంటుంది. పక్క రైతు కష్టంలో ఉండగా అతని భూమి మీద పాట పాడకూడదని ఆగేవాళ్లు ఉన్నారు, అది మంచి కారణమే. కానీ తగాదా తెలిసి ఆగినా బయటకు అలాగే కనిపిస్తుంది. రిజర్వు ధర తగ్గిస్తూ మూడోసారి వేలం వేస్తున్నారంటే పాత నోటీసులు వెతికి, ఏ షరతు మారిందో చూడండి.

కోర్టు_గుమాస్తా

ఈ పేజీ చదివే రుణగ్రహీతలు కూడా ఉంటారు కాబట్టి వాళ్లకు రెండు మాటలు. 13(2) నోటీసు వచ్చిన 60 రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం ఇవ్వండి, బ్యాంకు 15 రోజుల్లో జవాబు చెప్పాలి. అది సాగుభూమి అన్న విషయం మొదటి ఉత్తరంలోనే ఎత్తండి. తనఖా తేదీ నాటి పహాణీ లేదా అడంగల్ నకళ్లు, పంట బీమా కాగితాలు, మార్కెట్ యార్డు తక్‌పట్టీలు (పంట అమ్మకపు రసీదులు) జతచేయండి, నిరూపించాల్సింది మీరే కాబట్టి. స్వాధీన చర్య తీసుకున్న నాటి నుంచి 45 రోజుల్లో డీఆర్‌టీలో 17వ సెక్షన్ దరఖాస్తు వేయాలి. మనకు హైదరాబాదు, విశాఖపట్నంలో ఉన్నాయి. ఒకేసారి పరిష్కారం కింద బ్యాంకుతో బేరమాడితే ఒప్పుకున్నది కాగితం మీద తెచ్చుకోండి. వేలం నోటీసు ప్రచురించక ముందే ఇదంతా జరగాలి.

చెలక_దారి

అందరికీ కృతజ్ఞతలు. బ్యాంకుకు నాలుగు ప్రశ్నలతో ఉత్తరం పెడతాను, దారికి లిఖితపూర్వక హామీ లేకుండా ధరావతు కట్టను. ఒక్క అనుమానం. పొలంలో ఇప్పుడు పత్తి ఉంది, వేసింది కౌలురైతు. వేలం అయ్యాక ఆ పంట ఎవరిది?

టేపు_గొలుసు

సేల్ సర్టిఫికెట్‌లో నిలిచి ఉన్న పంట గురించి రాయకపోతే అది తగాదాకే దారి. కౌలురైతు పెట్టుబడి పెట్టి వేసిన పంటను అతన్నే కోసుకోనివ్వండి. పత్తి ఆఖరి ఏరివేత జనవరి, ఫిబ్రవరిలో అయిపోతుంది. ఆ తేదీ వేసి, ఆ తర్వాత పొలం ఖాళీ చేస్తానని అతనితో కాగితం రాయించుకోండి, ఇద్దరు సాక్షులతో. స్వాధీనం తీసుకునే రోజు బ్యాంకు అధికారి పంచనామా రాయాలి. అందులో చెట్లు, బోరు, మోటారు, పైపులైను, గట్లు ఒక్కొక్కటీ పేరు పేరునా ఉండాలి. హద్దురాళ్లు ఆ రోజే పాతించి, పక్క రైతుల సంతకాలు తీసుకోండి. పట్టాదారు మార్పుకు భూభారతి పోర్టల్‌లో దరఖాస్తు చేసేటప్పుడు పంచనామా నకలు కూడా జతచేయండి.